మహారాజశ్రీ రిమోట్ గారికి, సోఫా సందు

మహారాజశ్రీ రిమోట్ కంట్రోల్ గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇచ్చట మేమందరమూ క్షేమం. అచ్చట, అనగా మా సోఫాలో రెండో మెత్తకీ మూడో మెత్తకీ నడుమ ఉన్న సందులో, తమరూ, తమరి పొరుగున కాపురముంటున్న వేరుశనగ గింజా, మా అమ్మాయి తలక్లిప్పూ క్షేమమని తలుస్తాను.

ఇంత మర్యాద ఎందుకు ఒలకబోస్తున్నానంటే, నేనిప్పుడు ఆడపిల్ల తండ్రి హోదాలో ఉన్నాను. మా ఇంటి పాత కంప్యూటర్‌కి తమరి వంశంలో ఒక సంబంధం కుదర్చాలని మూడు నెలలుగా చెప్పులరిగేలా తిరుగుతున్నాను. పిల్ల వయసు తొమ్మిదేళ్లు. ఆఫీసువాళ్లు నాకు ల్యాప్‌టాప్ ఇచ్చాక బల్ల మీంచి దిగి హాల్లో టీవీ కింద అరలోకి మారింది. హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపాను, సినిమాలు చూపించే కోడీ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను, నాన్నకి ఇష్టమైన పాత సినిమాలూ, చెల్లి పెళ్లి వీడియో, అమ్మ వినే ప్రవచనాలూ అన్నీ నింపాను. గుణవంతురాలే. ఒక్కటే లోపం. సినిమా ఆపాలంటే ఎవరో ఒకరు లేచి వెళ్లి, టీవీ ముందు గొంతుక్కూర్చుని మౌస్ కదపాలి. ఆ ఎవరో ఒకరు నేనే.

సంబంధం అన్నాక వంశం గురించి వాకబు చేయాలి కదా, చేశాను. 1950లో అమెరికాలో జెనిత్ కంపెనీ ఇంట పుట్టిన తమరి పెద్దాయన పేరు లేజీ బోన్స్, అంటే సోమరిపోతు. ఇంత నిజాయితీగా బారసాల జరిగిన వస్తువు ఇంకోటి నేను చూళ్లేదు. ఆయనకి టీవీ నుంచి కుర్చీ దాకా పొడుగాటి తీగ ఉండేది, దాన్ని తట్టుకుని ఇంట్లోవాళ్లు పడేవారు. 1955లో యూజీన్ పోలీ గారు తీగ తీసేసి పిస్తోలులాంటి టార్చిలైటు ఒకటి చేతికిచ్చారు. తెర నాలుగు మూలలా వెలుతురు పసిగట్టే కళ్లుండేవి, ఏ మూల మీద వెలుగు పడితే ఆ పని జరిగేది. కిటికీలోంచి ఎండ పడినా జరిగేది. ఆ మరుసటి ఏడు రాబర్ట్ ఆడ్లర్ గారి స్పేస్ కమాండ్ వచ్చింది. బటన్ నొక్కితే లోపల చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొడుతుంది. ఆ మోత మన చెవికి అందదు, టీవీకి అందుతుంది.

ఇక్కడ కాసేపు ఆగి దణ్ణం పెట్టుకోవాలి. దానికి సెల్లు అక్కర్లేదు. 1956లోనే! ఆ ముత్తాతగారి ఫోటో ఒకటి దొరికితే పటం కట్టించి హాల్లో పెడతాను. మా ఇంట్లో సెల్లులకి స్థిరనివాసం లేదు. గోడ గడియారంలోంచి రిమోట్‌లోకి, రిమోట్‌లోంచి టార్చిలోకి, మళ్లీ గడియారంలోకి. మధ్యలో నాన్న వాటిని పంటితో నొక్కి, చొక్కాకి రుద్ది, మూత తెరిచి వేలితో గిర్రున తిప్పి ప్రాణప్రతిష్ఠ చేస్తుంటారు.

అవన్నీ అమెరికా వైభవాలు. దూరదర్శన్ రోజుల్లో మా ఇంటి రిమోట్‌ని నేనే. "ఒరేయ్, సౌండ్ తగ్గించు" అంటే లేచి తగ్గించేవాణ్ని. గాలికి యాంటెన్నా తిరిగితే డాబా ఎక్కి "వచ్చిందా... ఇప్పుడూ..." అని అరుస్తూ తిప్పేవాణ్ని. సెల్లులు లేవు, అటుకుల మీద నడిచేవాణ్ని. పోతే పోయింది, పెళ్లిచూపుల సంగతికి వద్దాం.

మొదటి సంబంధం బుల్లి కీబోర్డు. అరచేతిలో పట్టేంత ఉంటుంది, పైన మౌస్ పలక కూడా ఉంటుంది. మీటలు సరిగ్గా మినప్పప్పు గింజలంత. నాన్న టైపు హయ్యర్ పాసైన మనిషి. ఆఫీసులో పదివేళ్లతో, కాగితం వైపే చూస్తూ కొట్టిన చేతులవి. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, నిటారుగా కూర్చుని, ఎడమచేతి చిటికెన వేలు ఎక్కడ పెట్టాలా అని వెతుక్కున్నారు. ఒక్క వేలు ఆన్చితే మూడు అక్షరాలు పడ్డాయి. కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇది ఎవరి చేతుల కోసం చేశార్రా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అది ఇప్పుడు మా అమ్మాయి దగ్గర ఉంది, బొమ్మల ఆఫీసులో పనిచేస్తోంది.

రెండోది ఎయిర్ మౌస్. పేరులోనే గాలి ఉంది. లోపల జైరోస్కోప్ అనే బుల్లి చిప్పు ఉంటుంది, చెయ్యి ఎటు తిరిగితే తెర మీద బాణం అటు తిరుగుతుంది. చూపించినప్పుడు ఎంత ముచ్చటగా ఉందో! ఇంటికొచ్చాక మా అమ్మ దాన్ని పట్టుకుని ప్రవచనం పెట్టుకోబోతే, దూరం నుంచి చూసినవాళ్లు టీవీకి హారతి ఇస్తోందనుకున్నారు. బాణం సరిగ్గా బొమ్మ మీద నిలిచేదాకా ఊపిరి బిగబట్టాలి. ఊపిరి వదలగానే పక్క బొమ్మ మీదికి జారుతుంది. సోఫా మీద పెట్టేసినా ఊరుకోదు, తనంతట తనే నెమ్మదిగా ఓ మూలకి పాకుతుంది.

రాత్రి పదింటికి నాన్న టీవీ కట్టేద్దామని దాని నెత్తి మీదున్న ఎర్ర బటన్ నొక్కారు. టీవీ ఆగలేదు, కంప్యూటర్ ఆగింది. ఎనిమిది గంటలుగా కాపీ అవుతున్న ఫోటోలు ఆగాయి. ఆయన తప్పేముంది? పుట్టిన దగ్గర్నుంచీ ఎర్ర బటన్ అంటే టీవీ.

పైగా రోజుకి నాలుగుసార్లు మూగనోము. ఇది వెలుతురుతో కాక రేడియోతో మాట్లాడే రకం, 2.4 గిగాహెర్ట్జ్ మీద. గోడలు అడ్డున్నా వెళ్తుందన్న మాట నిజమే. గోడ దాటగలిగినది, తన డాంగిల్, అంటే కంప్యూటర్‌కి గుచ్చే బుల్లి రిసీవర్, పక్కనున్న నీలం రంగు యూఎస్‌బీ సాకెట్ ముందు చేతులెత్తేస్తుంది. యూఎస్‌బీ 3.0 పని చేస్తున్నప్పుడు అదే 2.4 దరిదాపుల్లో రొద పెడుతుంది. నేనేమో డాంగిల్ పక్కనే హార్డ్‌డిస్క్ గుచ్చాను. చిన్న ఎక్స్‌టెన్షన్ తీగ వేసి డాంగిల్‌ని అర ముందుకి లాగితే సర్దుకుంది. ఆ ముక్క తెలిసేలోపు దాన్ని ఎన్నిసార్లు అరచేత్తో కొట్టానో! ఈ కొట్టుడుకి మాత్రం తమరి వంశమంతటికీ క్షమాపణ చెప్పాల్సిందే.

ఫోన్ సంబంధం మేనరికం. ఖర్చు లేదు, బయటికి వెళ్లక్కర్లేదు. కోడీకి సొంత యాప్ ఉంది, ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపే కేడీఈ కనెక్ట్ ఉంది, వేసుకోవడం పావుగంట పని. నేను ఒక్కణ్నే చూసేటప్పుడు ఇంతకంటే హాయి లేదు, నిజం ఒప్పుకోవాలి. కానీ ఫోన్ నా జేబులో ఉంటుంది, నేను కూరగాయలకి వెళ్తాను, సినిమా మా ఇంట్లో ఆగనంటుంది. నాన్న ఫోన్‌లో వేద్దామంటే, ఆయన తాళం తీసి, కళ్లజోడు పెట్టుకుని, యాప్ వెతికేసరికి ఆపాల్సిన పాట అయిపోయి ఫైటు మొదలవుతుంది. ఆ ఫైటులోనే బాబాయి ఫోన్ చేస్తాడు. సౌండ్ తగ్గించాలంటే ఫోన్ కావాలి, ఫోన్‌లో బాబాయి ఉన్నాడు.

అసలు టీవీ రిమోట్‌తోనే కంప్యూటర్ నడిస్తే గొడవే లేదు కదా అంటారా? ఆ ఏర్పాటు ఉంది, పేరు సీఈసీ. హెచ్‌డీఎంఐలో పదమూడో పిన్ను దాని కోసమే. ఒకే పిల్లాణ్ని మేనత్త చిట్టి అని, పిన్ని బుజ్జి అని పిలిచినట్టు, సామ్‌సంగ్ వాళ్లు దాన్ని ఎనీనెట్ ప్లస్ అన్నారు, ఎల్‌జీ వాళ్లు సింప్‌లింక్ అన్నారు, సోనీ వాళ్లు బ్రావియా సింక్ అన్నారు. ఎవరు ఏ పేరు పెట్టినా, సాధారణంగా కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డులకి ఆ పిలుపు వినపడదు. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ పలుకుతుంది. దానికి నాలుగింతలు ఖర్చు పెట్టి కొన్న మా పిల్ల పలకదు. మధ్యవర్తిగా పల్స్ ఎయిట్ వాళ్ల అడాప్టర్ ఒకటి పెట్టుకోవచ్చు. దాన్ని తెప్పించుకునే ఖర్చు చూసి, కట్నం మాట ఎత్తారని లేచొచ్చేశాను.

తమరి వంశంలో కంప్యూటర్ కోసమే పుట్టినవారు లేకపోలేదు. 2002లో మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా సెంటర్ అనే సినిమాల సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన రిమోట్‌కి నడుమ ఆకుపచ్చ బటన్ ఉండేది. 2015లో విండోస్ 10తో ఆ మీడియా సెంటరే పోయింది. ఇంట్లో అన్నింటినీ ఒక్క చేత్తో నడిపే లాజిటెక్ హార్మనీకి 2021లో ఆ కంపెనీయే తిలోదకాలిచ్చింది. మంచివాళ్లంతా ముందే పోయారు. మిగిలిన తమరేమో సోఫా సందులో...

ఏయ్, నీ సంగతే చెబుతున్నాను, విను. క్షమించాలి, నోరు జారింది. తమరి సంగతే.

తమరిని మేం గుర్తుపట్టలేదు. పదేళ్ల కిందట చచ్చిపోయిన డీవీడీ ప్లేయర్ తాలూకు రిమోట్ కదా తమరు! ప్లేయర్‌ని పాత సామానువాడికి ఇచ్చేశాం, తమరిని మాత్రం "ఉండనీ, ఎందుకైనా పనికొస్తుంది" అని అమ్మ షోకేసు సొరుగులో దాచింది. ఒంటి మీద పాలిథీన్ కవరు, నడుముకి రబ్బరు బ్యాండు. కవరు పసుపుపచ్చబడింది గానీ లోపల బటన్ల మీద అంకెలు కొన్ననాటిలాగే ఉన్నాయి. సెల్లులు వేసి, ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి నొక్కాను. మామూలు కంటికి చీకటి, కెమెరాలో మాత్రం కొసన ఊదారంగు మెరుపు. అమ్మ చూసి, "బతికే ఉందిరా" అంది.

తమరి మాటంతా ఆ మెరుపే. సెకనుకి 38,000 సార్లు వెలిగి ఆరుతూ, నడుమ చిన్నా పెద్దా విరామాలతో బటన్ పేరు చెబుతుంది. ఫిలిప్స్ వారి ఆర్‌సీ-5 అనే రిమోట్ భాష మాట్లాడే గోత్రీకులది 36,000. మనుషుల్లో సగోత్రం పెళ్లికి పనికిరాదు, తమరిలో సగోత్రమైతేనే మాట కలుస్తుంది. 36 వాడి మాట 38 వాడికి దగ్గర్లో అయితే వినపడుతుందేమో గానీ, సోఫా దూరం నుంచి నమ్మకం లేదు. అంటే మాకు కావాల్సింది కొత్త రిమోట్ కాదు, తమరి మాట విని కంప్యూటర్‌కి కీబోర్డు భాషలో చెప్పే దుబాసీ. ఫ్లర్క్ పేరుతో రెడీమేడ్‌గా దొరుకుతుంది. ఉత్తపుణ్యానికి నాలో ఇంజినీరు నిద్రలేచాడు, నేనే చేస్తానన్నాడు.

హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి, తమరి మెరుపుని పట్టే మూడు కాళ్ల రిసీవర్ ఒకటి అడిగాను. కొట్టతను తలెత్తకుండానే, "ఒకటెందుకు సార్, రెండు తీస్కోండి. ఒకటెట్లైనా కాల్తది" అన్నాడు. నన్ను చూసి అలా ఎలా అనగలిగాడు! పౌరుషం కొద్దీ ఒక్కటే తెచ్చాను.

శనగగింజ లావున నల్లటి తల, కింద మూడు కాళ్లు. నా దగ్గరున్న బొమ్మ టీఎస్‌ఓపీ 1738 అనే రకం రిసీవర్‌ది. అందులో ఎడమ కాలు గ్రౌండు, నడిమిది కరెంటు, కుడిది సమాచారం. చేతిలో ఉన్నది 38238. అందులో నడిమి కాలే గ్రౌండు. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. బొమ్మ ప్రకారం శ్రద్ధగా సోల్డర్ చేసి, యూఎస్‌బీకి గుచ్చి, వేలితో తాకి చూశాను. వేలు కాలింది. ఆ తర్వాత వాసన వచ్చింది. మర్నాడు మళ్లీ కోఠీ. అతను నన్ను చూసి ఏమీ అనలేదు, ఒకటి తీసి కాగితంలో పొట్లం కట్టిచ్చాడు. ఆ మౌనానికి విడిగా రెండు రూపాయలు తీసుకున్నా ఇచ్చేవాణ్ని.

రెండోది పలికింది. ప్రో మైక్రో అనే బోర్డుకి కలిపితే, అది తనని తాను కీబోర్డుగా కంప్యూటర్‌కి పరిచయం చేసుకుంటుంది. తమరి బాణాలు కోడీలో బాణాలయ్యాయి, ఓకే ఎంటర్ అయింది, స్టాప్ స్టాప్ అయింది. కంప్యూటర్ పడుకున్నాక మాత్రం లేవలేదు. రెండు రాత్రులు కోడు మీద అనుమానపడ్డాను. చివరికి చూస్తే బయోస్‌లో, అంటే కంప్యూటర్ మూల అమరికల్లో, ఈఆర్‌పీ అనే పొదుపు మీట కంప్యూటర్ కట్టేసి ఉన్నప్పుడు యూఎస్‌బీకి కరెంటు కట్ చేస్తోంది. కావలివాడికి కూడు పెట్టకుండా దొంగొస్తే లేపమన్నట్టు! అది ఆపేశాక, ఒక్క నొక్కుకి పిల్ల ఆవలిస్తూ లేచింది.

నాన్న తమరిని అందుకుని, చూడకుండానే స్టాప్ మీద వేలు పెట్టారు. పదేళ్లయినా ఆ వేలికి దారి గుర్తుంది. పైగా తమరికి సన్న సెల్లులు కాదు, గోడ గడియారంలో వేసే లావు సెల్లులే పడతాయి. ఇంట్లో ఎప్పుడూ ఉండేవే, ఇంకేం కావాలని మురిసిపోయాను. లగ్నపత్రిక రాసుకున్నంత తృప్తిగా ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కాబట్టి తమరు వెంటనే సోఫా సందులోంచి బయలుదేరి రావలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమరి కాబోయే మామగారు

తా.క.: తమరు దొరికారు. వెనక మూత తెరిచి ఉంది, లోపల ఒక్కటే సెల్లు ఉంది. పొద్దుట్నుంచీ ఆగిపోయిన గోడ గడియారం ఇప్పుడు సరిగ్గా తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. అమ్మ వంటింట్లో ఏమీ ఎరగనట్టు చారుకి పోపు పెడుతోంది. హాల్లోంచి నాన్న పిలుస్తున్నారు, సౌండ్ తగ్గించాలట. లేస్తున్నాను.