ఇంటర్నెట్ తాళాలు నిజంగా ఆ ఏడుగురి దగ్గరే ఉన్నాయా?

ప్రపంచం మొత్తం ఇంటర్నెట్ ఏడుగురి గుప్పిట్లో ఉంది, వాళ్ళు తల్చుకుంటే ఆపేస్తారు అన్న కథ ఎప్పట్నుంచో తిరుగుతోంది. వినడానికి బాగుంటుంది గానీ అందులో సగం తప్పు, పైగా అసలు మెచ్చుకోవాల్సిన సంగతి అందులో లేనే లేదు.

2008లో డాన్ కమిన్‌స్కీ అనే సెక్యూరిటీ నిపుణుడు డీఎన్‌ఎస్‌లో (వెబ్‌సైట్ పేరుని దాని సర్వర్ నంబర్‌గా మార్చే వ్యవస్థ) పెద్ద లోపం బయటపెట్టాడు, మనం టైప్ చేసిన అడ్రస్‌కి దొంగ సర్వర్ జవాబిచ్చినా కంప్యూటర్ నమ్మేస్తుందని. దానికి విరుగుడు డీఎన్‌ఎస్‌సెక్, అంటే జవాబు మీద డిజిటల్ సంతకం. డీఎన్‌ఎస్‌లో అన్నిటికీ పైనుండే మెట్టు, రూట్‌కి 2010 జులైలో ఈ సంతకం వచ్చింది.

ఆ రూట్ కీ, అంటే ఆ సంతకం చేసే రహస్య సంఖ్య, ఉండేది మనుషుల దగ్గర కాదు, అమెరికాలో రెండు చోట్ల, వర్జీనియాలోని కల్పెపర్‌లో, కాలిఫోర్నియాలోని ఎల్ సెగుండోలో, ఎవరైనా కెలికితే తనంతట తనే చెరిపేసుకునే పెట్టెల్లో. ఒక్కో చోటికి ఏడుగురు క్రిప్టో ఆఫీసర్లు, అందరూ ఈ రూట్ వ్యవహారాలు చూసే ఐకాన్ సంస్థకి బయటివాళ్ళే, జీతం లేదు. వాళ్ళ దగ్గరుండేది లాకర్ తాళంచెవి మాత్రమే, లాకర్లో సీల్ వేసిన కవర్, కవర్లో స్మార్ట్ కార్డు. కనీసం ముగ్గురి కార్డులు పడితేగానీ పెట్టె పనిచెయ్యదు. ఇంకో ఏడుగురు ఉన్నారు, వాళ్ళది అంతా పోతే తిరిగి నిలబెట్టే పని, దానికి ఐదుగురు కలవాలి. బహుశా ఆ కథ వీళ్ళ దగ్గరే పుట్టుంటుంది.

ఆ కీతో సంతకాలు చేయించడానికి ఏడాదికి నాలుగుసార్లు సెర్మనీ పెడతారు, లైవ్‌లో ఎవరైనా చూడొచ్చు. కవర్ మీద నంబర్ పైకి చదవడం, పాత రికార్డుతో సరిపోల్చడం, టైమ్ రాయడం, ఇదే తంతు గంటల తరబడి (పరమ బోర్, ఉండాల్సింది కూడా అలాగే). నా లెక్కలో వీళ్ళ అసలు పని తాళం తియ్యడం కన్నా సాక్ష్యం చెప్పడం. 2020 ఫిబ్రవరిలో సేఫ్ మొరాయిస్తే డ్రిల్ చేసి తెరిచారు, ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల ఆఫీసర్లు తాళంచెవులు ముందే పంపేసి వీడియోలో చూశారు, ఒకేసారి తొమ్మిది నెలలకి సరిపడా సంతకాలు చేయించారు. అయినా పెద్దగా అనుమానాలు రాలేదంటే అంతా కళ్ళముందే జరిగింది కాబట్టే.

నా భయం ఆ గది గురించి కాదు. 2017లో రూట్ కీ మార్చాల్సింది ఏడాది వాయిదా పడి 2018 అక్టోబర్ 11న జరిగింది, ఎందుకంటే చాలా రిజాల్వర్లు (మన తరఫున అడ్రస్ వెతికి, సంతకం సరిచూసే సర్వర్లు) కొత్త కీకి రెడీగా లేవని తేలింది. ఇక చాలా డొమైన్లకైతే ఈ సంతకమే లేదు, వాటికి పైన ఎంత కాపలా కాసినా ఒరిగేదేం లేదు. ఆ పని డొమైన్ ఓనర్లది, కానీ వాళ్ళని ఎవరూ లైవ్‌లో చూడట్లేదు కదా.