సరదా పని

నిన్న మధ్యాహ్నం బంధువుల ఇంట గృహప్రవేశం భోజనాలు ముగిశాక, వక్కపలుకులు నములుతూ మా బాబాయిగారు అన్న ఒక్క మాట ఇప్పటికీ నా చెవిలో జోరీగలా రొద పెడుతూనే ఉంది. ఈ దసరాకు మన పట్టుచీరల దుకాణానికి ఇద్దరు కొత్త డిజైనర్లను పిలిచి, వాళ్ళు చేయించిన చీరలను వాళ్ళ పేరు మీదనే అమ్ముదామని చెబుతూ, నేను మాటవరుసకు ఆస్ట్రియాలో మెరిసే గాజు రాళ్ళు చేసే స్వరోవ్‌స్కీ కుటుంబపు ఆడపడుచు నాద్యా గారి సంగతి ఎత్తాను. "తాతలు మిషను కనిపెట్టి పెడితే, ఆవిడ ఫ్యాషన్ వాళ్ళ పక్కన నిలబడి ఫోటోలు దిగింది. నీకూ అలాంటి సరదా పని కావాలంటే చూసుకోమ్మా, లెక్కలు మాత్రం తమ్ముడికి వదిలెయ్" అన్నారాయన. చుట్టూ కూర్చున్న వాళ్ళందరూ నవ్వారు. జాకెట్టు నిండా ఆ రాళ్ళే, మనవాళ్ళు సరోస్కీ రాళ్ళనేవి, కుట్టించుకుని వచ్చిన మా పిన్నిగారు కూడా ఆ నవ్వులో కలవడం నాకు మరీ మండింది.

మిషను గొప్పదే, ఎవరు కాదన్నారు? సంస్థను మొదలుపెట్టిన డేనియల్ స్వరోవ్‌స్కీ 1892లో రాళ్ళను కోసే ఆ యంత్రానికి పేటెంటు తీసుకుని, 1895లో టిరోల్ కొండల నడుమ వాటెన్స్ అనే ఊళ్ళో కార్ఖానా పెట్టారు. అయితే ఆ యంత్రం సానబట్టేది వజ్రాన్ని కాదు, గాజును. చేతకాని మగవాణ్ణి "గాజులు తొడుక్కుని కూర్చో" అని వెక్కిరించే మనవాళ్ళకు, ఒక వంశం వంశమంతా గాజు మీదనే బతికిందని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. గాజుముక్కకు అంత ధర పెట్టడానికి మనిషి ఒప్పుకోవాలంటే ఎవరో ఒకరు దానికి ఆ హోదా తెచ్చిపెట్టాలి. ఆ సంస్థే చేసే, అద్దాల బీరువాలో కూర్చునే బుల్లి ఎలుక బొమ్మలతో, హంస బొమ్మలతో ఆ హోదా రాదు.

అయిదో తరానికి చెందిన నాద్యా గారు 1995లో సంస్థలో చేరి చేసిన పని అదే. ఫ్యాషన్ పత్రికల సంపాదకురాలు ఇసబెల్లా బ్లో పరిచయం చేసిన అలెగ్జాండర్ మెక్వీన్ అనే కుర్ర డిజైనరు చేతిలో ఆ రాళ్ళు పోశారు. ఫ్యాషన్ ప్రపంచం వాటిని మళ్ళీ తలెత్తి చూసింది. 2002లో మిలాన్‌లో 'క్రిస్టల్ ప్యాలెస్' పేరిట, షాండ్లియర్, అంటే పైకప్పు నుంచి వేలాడే అలంకార దీపం, అంటే ఏమిటో మళ్ళీ మొదటి నుంచి ఆలోచించండని డిజైనర్లకు చెప్పారు. టోర్డ్ బోంట్యె పూలు విరబూసిన చెట్టుకొమ్మనే దీపంగా వేలాడదీశారు. రాన్ అరాడ్ అయితే రిబ్బను చుట్టలా జారే దీపం చేసి, ఎవరైనా ఫోను నుంచి ఎస్సెమ్మెస్ పంపితే ఆ అక్షరాలు రాళ్ళ మధ్య వెలుగుతూ కిందికి పాకేటట్టు అమర్చారు. ఇలాంటి తిక్క ఆలోచనతో వచ్చిన మనిషిని వెనక్కి పంపకుండా, డబ్బు సమకూర్చి, వాటెన్స్ కార్ఖానాతో ముడిపెట్టి, చెప్పిన తేదీకి దీపం వెలిగించడం సరదా పనట!

అసలు సరదా సంగతి వస్తే ఆ ఇంట్లోనే మంచి కథ ఉంది. డేనియల్ గారి కొడుకు విల్హెల్మ్‌కు నక్షత్రాలు చూడడం సరదా. ఆ సరదాతోనే 1935లో తన బైనాక్యులర్లు తానే చేసుకున్నారు. 1949 కల్లా అది 'స్వరోవ్‌స్కీ ఆప్టిక్' అనే సంస్థ అయి కూర్చుంది. మనుమడు మన్‌ఫ్రెడ్ 1956లో ఫ్రెంచి ఫ్యాషన్ డిజైనరు క్రిస్టియన్ డియోర్‌తో కలిసి, ఇంద్రధనుస్సులా రంగులు మారే 'అరోరా బొరియాలిస్' పూతను తెచ్చారు. అది కూడా ఫ్యాషన్ వాళ్ళతో కలిసి చేసిన పనే కదా, మరి దాన్ని ఫోటోలు దిగడమని మా బాబాయిగారు ఎందుకనరు? కొడుకుకు ఉన్నది దూరదృష్టి, కూతురుకు ఉన్నది కాలక్షేపం! ఆ సంస్థ కార్యనిర్వాహక మండలిలో కూర్చున్న మొదటి స్త్రీ నాద్యా గారే. అందుకు అయిదో తరం దాకా ఆగవలసి వచ్చింది. వారసుల మధ్య సంస్థ భవిష్యత్తు గురించి పెద్ద తగవు నడిచాక, 2021లో ఆమె తప్పుకున్నారు.

ఇంటిపేరు లేకపోతే ఆమెకు ఆ తలుపు తెరుచుకునేదా అని అడిగేవాళ్ళు ఉంటారు. తెరుచుకునేది కాదు. మా తమ్ముడికి మా దుకాణం తలుపు ఏ పోటీ పరీక్ష రాస్తే తెరుచుకుందో కూడా అడగండి. పన్నెండేళ్ళుగా మగ్గం పనివాళ్ళ దగ్గర కూర్చుని, ఆరి సూదికి ఏ పూస ఆగుతుందో, జిగురుతో అతికించిన రాయి ఎన్ని ఉతుకులకు రాలుతుందో నేర్చుకున్నది నేను. పెళ్ళికూతురు జాకెట్టు వీపు మీద ఏనుగు తొండం వంకరపోయిందని ముహూర్తానికి రెండు రోజుల ముందు ఏడుస్తూ ఫోను చేస్తే, రాత్రంతా మేలుకుని విప్పించి కుట్టించినదీ నేనే. గల్లాపెట్టె తాళం ఇరవై రెండేళ్ళకే తమ్ముడి చేతికి వెళ్ళింది, ఆరోజు హారతిపళ్ళెం పట్టుకోమని నాకు పురమాయించారు.

భోజనాల దగ్గరి నుంచి లేస్తూ బాబాయిగారు ఇంకో పని కూడా అప్పజెప్పారు. వచ్చే సోమవారం దుకాణం బోర్డుకు రంగు వేయడానికి పెయింటరు వస్తాడట, రంగుల సంగతి నాకే బాగా తెలుసు కనుక దగ్గరుండి చూసుకోమన్నారు. తాతగారి పేరుకు పాత బంగారు రంగే ఉంచుతారట. దాని పక్కనున్న 'అండ్ సన్స్'కు ఏ రంగు బాగుంటుందో నేను ఎంచాలి.