ఎండకు స్టే ఎవరూ అడగలేదు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. మొదట మా వీధి గ్రూపులో, తర్వాత టెన్త్ బ్యాచ్ గ్రూపులో, ఆపైన గుంటూరు నుంచి మా బావ పంపాడు. నిన్న రాత్రి మళ్ళీ వీధి గ్రూపులోనే. "ఎండకు జడ్జిగారు స్టే ఇస్తారా?" అని మొదలవుతుంది. వాతావరణ మార్పు మీద కోర్టుకెళ్ళడం దండగ అని ఐదు పాయింట్లు చెప్పి, నిజమనిపిస్తే పదిమందికి పంపమంటుంది. నేనుండేది విజయవాడ సింగ్ నగర్‌లో, 2024 బుడమేరు వరదలో మునిగిన చోట. ఇక్కడుంటూ ఆ మెసేజ్ చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఒకటో పాయింటు: ఇది ప్రభుత్వాల పని, కోర్టులకేం సంబంధం?

2024 మార్చి 21న సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం దీనికి జవాబు చెప్పేసింది. వాతావరణ మార్పు చేసే కీడు నుంచి రక్షణ పొందడం ప్రజల హక్కు, దానికి ఆధారం రాజ్యాంగంలోని 14, 21 అధికరణలు, అంటే సమానత్వ హక్కు, జీవించే హక్కు అని. ఆ కేసు బట్టమేక పిట్టది. ఒకప్పుడు మన రోళ్లపాడులో కనిపించిన పిట్టే. రాజస్థాన్, గుజరాత్‌లలో కరెంటు తీగలకు తగిలి చచ్చిపోతోందని, తీగలు భూమిలోంచి వేయమని 2021లో కోర్టు చెప్పింది. అలాగైతే సోలార్ కరెంటు తేవడం కష్టమని కేంద్రం చెప్పుకుంటే, 2024లో తన ఉత్తర్వును తానే సడలించింది. "కోర్టులు అభివృద్ధికి అడ్డం" అన్న రెండో పాయింటుకు కూడా ఇదే నా జవాబు.

మూడోది: వీళ్ళందరికీ విదేశీ డబ్బులొస్తాయి. వాతావరణ మార్పు మీద ప్రభుత్వం చేయాల్సింది చేయట్లేదని 2017లో గ్రీన్ ట్రిబ్యునల్‌కు (పర్యావరణ కేసులు చూసే జాతీయ న్యాయస్థానం) వెళ్ళిన ఉత్తరాఖండ్ అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. 2015లో లాహోర్ హైకోర్టుకెళ్ళి, తమ దేశం రాసుకున్న వాతావరణ విధానాన్ని ఎందుకు అమలు చేయట్లేదని అడిగి గెలిచినాయన ఒక రైతు. ఈ పాయింటు మీద ఇంతకంటే టైము పెట్టను.

నాలుగోది: ప్రపంచంలో ఎక్కడా ఏ కేసువల్లా ఏమీ మారలేదు. ఇది తప్పు. నెదర్లాండ్స్‌లో అర్జెండా అనే సంస్థ, దాదాపు 900 మంది పౌరులు కలిసి ప్రభుత్వం మీద కేసు వేశారు. 1990తో పోలిస్తే 2020 కల్లా ఉద్గారాలు, అంటే భూమిని వేడెక్కించే వాయువుల విడుదల, కనీసం 25 శాతం తగ్గించాలని 2015లో కింది కోర్టు చెప్పింది. ప్రభుత్వం అప్పీళ్ళ మీద అప్పీళ్ళు వేసింది, 2019 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు అదే మాట ఖాయం చేసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక బొగ్గు విద్యుత్ కేంద్రం అనుకున్నదానికంటే ముందే మూతపడింది. ఆ 25 శాతం లెక్క 2020లో ఒడ్డున పడటానికి కరోనా లాక్‌డౌన్ కూడా తోడైంది, అదీ నిజమే. కానీ ఏమీ మారలేదనడం అబద్ధం. జర్మనీలో 2021లో రాజ్యాంగ కోర్టు వాతావరణ చట్టాన్ని తప్పుబట్టాక, 2030కి 55 శాతంగా ఉన్న ఉద్గారాల తగ్గింపు లక్ష్యాన్ని ప్రభుత్వం 65కి పెంచింది.

ఇక ఐదోది. నా కోపమంతా దీనిమీదే. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "బుడమేరు మునక ప్రకృతి. పల్లంలో ఇళ్ళు కట్టుకోవడం వాళ్ళ తప్పు. దానికి వాతావరణం, కోర్టు అని గోల దేనికి?"

2024 సెప్టెంబరు 1, ఆదివారం. మా ఇంటివాళ్ళు కింద పోర్షన్‌లో, మేం పైన. ఇంటావిడను నేను పిన్నిగారనే పిలుస్తాను. తెల్లారేసరికి ఆవిడ మంచం కోళ్ళు మునిగాయి, మధ్యాహ్నానికి ఫ్రిజ్ బోర్లాపడి తేలింది. ఆవిడను మెట్ల మీంచి పైకి తెచ్చుకున్నాం. డ్రోన్ వదిలిన పొట్లాల కోసం డాబా మీద నిలబడి చేతులూపాం. నీళ్ళు తీశాక గోడ మీద బురద చార మిగిలింది, స్విచ్‌బోర్డుకు జానెడు పైన. రెండుసార్లు సున్నం వేయించినా చెమ్మకు అది మళ్ళీ బయటపడుతోంది.

ప్రకృతి అంటున్నారు కదా, చూద్దాం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. అందుకే కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. వాతావరణం అనే గోల అందుకు. విజయవాడ పక్కన పారే బుడమేరు వాగు నీటిని వెలగలేరు దగ్గర మళ్ళించి, కాలువలో ఇబ్రహీంపట్నం వైపు తీసుకెళ్ళి కృష్ణలో కలపాలన్నది ఏర్పాటు. ఆ రోజుల్లో కృష్ణే పొంగి, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. కాలువ నీళ్ళు ఎక్కడికి పోతాయి? కట్టకు మూడుచోట్ల గండ్లు పడి, బుడమేరు తన పాత దారిన ఊళ్ళోంచి కొల్లేరు వైపు నడిచింది. ఆ దారిలో మేమున్నాం. గండ్లు పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది.

పల్లంలో కట్టుకోవడం తప్పా? పిన్నిగారి స్థలం రిజిస్ట్రేషన్ అయింది. స్టాంపు డ్యూటీ కట్టించుకున్నారు. కరెంటు మీటరిచ్చారు. ఏటా ఇంటిపన్ను కట్టించుకుంటున్నారు. అప్పుడెవరికీ పల్లం గుర్తుకు రాలేదు. వరద తర్వాత నేనొక ఆఫీసుకెళ్ళి, మా వైపు డ్రెయిన్లో పూడిక చివరిసారి ఎప్పుడు తీశారో చెప్పమన్నాను. "పైనుంచి వరదొస్తే మేమేం చేస్తామండీ" అన్నారు. రాసివ్వమంటే ఇవ్వలేదు. కోర్టులో ఆ మాట నడవదు. కౌంటర్, అంటే రాతపూర్వక జవాబు, వేయాలి. ఎప్పుడు పూడిక తీశారు, ఎంత ఖర్చు పెట్టారు, ఆక్రమణలు ఎన్ని, వచ్చే కుండపోతకు ఏం సిద్ధం చేశారు, అన్నీ ప్రమాణపూర్వకంగా అఫిడవిట్‌లో రాయాలి. కోర్టుకెళ్ళేవాళ్ళు అడిగేది ఇది. ఎండకు స్టే ఎవరూ అడగలేదు. మునిగినవాళ్ళనే దోషులు చేసి నోరు మూయించే మాటను, మునిగిన వీధి గ్రూపులోనే ఎలా ఫార్వర్డ్ చేశారండీ? ఆ రోజు పడవ కోసం అరిచింది మనం కాదా?

ఇదంతా రాశాక ఒక మాట ఒప్పుకోవాలి, దాయడం నాకిష్టం లేదు. మెసేజ్ చివర్లో బ్రాకెట్‌లో "తీర్పులొచ్చినా అమలు కావు, దెబ్బ పేదలకే" అని ఒక ముక్క ఉంది. అది చాలావరకు నిజం. కొల్లేరునే చూడండి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశంతో, ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యం లోపలి చేపల చెరువుల కట్టలు పేల్చేశారు. కొద్దిపాటి వాటా మీద బతికే చిన్నవాళ్ళూ అందులో నష్టపోయారు. కొన్నేళ్ళకు కట్టలు మళ్ళీ లేచాయి. బుడమేరు నీళ్ళు చేరాల్సిన కొల్లేరు అలాగే ఇరుకైపోతోంది. వాతావరణ మార్పుతో తన ఊరికి వరద ముప్పు వచ్చిందని జర్మనీ కరెంటు కంపెనీ మీద పదేళ్ళు పోరాడిన పెరూ రైతు కూడా 2025 మేలో ఓడిపోయాడు. పెద్ద ఉద్గారాలు చేసే కంపెనీ సూత్రరీత్యా బాధ్యురాలు కావచ్చని ఆ కోర్టు అనడం ఒక్కటే ఆయనకు మిగిలింది.

ఆ ముక్క కిందే ఇంకొకటి రాశారు, మన దేశం తలసరి ఉద్గారాలు తక్కువని. అదీ నిజమే. ఆ మాటే చెప్పడానికి మన దేశం 2024 డిసెంబరులో ఎక్కడికెళ్ళింది? హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికే. వేడెక్కించిన బాధ్యత ధనిక దేశాలదని అక్కడే వాదించింది. పసిఫిక్ దీవుల లా విద్యార్థులు 2019లో మొదలుపెట్టిన ప్రయత్నం అక్కడిదాకా చేరింది. 2025 జులై 23న ఆ కోర్టు, వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యత, తప్పితే నష్టపరిహారం దాకా రావచ్చు అని చెప్పింది. అది సలహా అభిప్రాయమే, ఎవరినీ బలవంతపెట్టదు. కానీ దేశమే ఎక్కిన మెట్లు సింగ్ నగర్‌వాళ్ళు ఎక్కకూడదా?

ఇది వీధి గ్రూపులో పెడతానని పొద్దున పిన్నిగారికి చదివి వినిపించాను. ఆవిడ లోపలికెళ్ళి ప్లాస్టిక్ కవరు తెచ్చారు. అందులో వరదలో తడిసి అతుక్కుపోయిన ఇంటిపన్ను రసీదులు. ఒక్కోటీ విడదీసి, ఆరబెట్టి, ఏడాది వరసన పేర్చారు. మూడేళ్ళవి అక్షరాలు కనబడటం లేదు. వాటికి నకళ్ళు ఎక్కడ అడగాలో సోమవారం కనుక్కుంటానన్నాను.