నాట్కో తర్వాత ఒక్క కంపల్సరీ లైసెన్సూ లేదేం?

థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందనగానే ఇంటిల్లిపాదీ ఆశ వదిలేసుకుంటారు. ఈ క్యాన్సర్‌లో పాపిల్లరీ, ఫాలిక్యులర్ అనే రకాల్లో అంత తొందర అక్కర్లేదు. ఊపిరితిత్తుల్లో చేరినా అది థైరాయిడ్ కణమే, చాలామందిలో అయోడిన్ దొరికితే పీల్చుకుంటుంది. రేడియో అయోడిన్ (రేడియేషన్ వెలువరించే అయోడిన్) మింగిస్తే దాంతోనే చస్తుంది. 1940ల నాటి వైద్యమిది. చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత ఈ జబ్బు ఊపిరితిత్తులకు పాకిన బెలారుస్ పిల్లల్లోనూ బాగా పనిచేసింది. 55 ఏళ్లలోపు వాళ్లకైతే ఇలా పాకినా ఇప్పటి లెక్కలో రెండో స్టేజే.

అసలు కష్టం కణాలు అయోడిన్ తీసుకోవడం మానేశాక మొదలవుతుంది. ఇక రోజూ మాత్రలే: సొరాఫెనిబ్, లెన్వాటినిబ్, కొన్ని జన్యు మార్పులుంటే సెల్పర్‌కాటినిబ్. ఇవి జబ్బును సాధారణంగా పూర్తిగా నయం చేయవు, ముదరకుండా ఆపుతాయి. 2015లో వెలువడిన పరీక్షలో లెన్వాటినిబ్ వాడినవాళ్లకు జబ్బు సగటున 18.3 నెలలు ఆగింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు 3.6 నెలలే. ఇలాంటి కొత్త మందులు ఎవరికి దక్కాలో చాలాసార్లు డాక్టర్ చేతిలో ఉండదు, పేటెంట్ చేతిలో ఉంటుంది.

సొరాఫెనిబ్ కథే చూడండి. కిడ్నీ, లివర్ క్యాన్సర్లకు జర్మనీ కంపెనీ బేయర్ అమ్మిన ఆ మందు నెలకు 2.8 లక్షల రూపాయలు ఉండేది. 2012లో హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కోకు కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఆ మందు తయారుచేసే అనుమతి) ఇస్తే 9 వేల లోపుకు దిగింది. 2014లో సుప్రీంకోర్టూ బేయర్‌ను కాదంది. ఈలోగా 2013 చివర్లో అమెరికా అదే మందును థైరాయిడ్ క్యాన్సర్‌కూ అనుమతించింది. అప్పటికే ఇక్కడ దాని ధర నేలకు దిగి ఉంది!

మరి ఆ తర్వాత? బ్లడ్ క్యాన్సర్ మందు డసాటినిబ్ కోసం బీడీఆర్ కంపెనీ, షుగర్ మందు శాక్సాగ్లిప్టిన్ కోసం లీ ఫార్మా (అదీ హైదరాబాద్‌దే) ఇలాంటి లైసెన్స్ అడిగితే పేటెంట్ ఆఫీసు తిప్పి పంపింది. ఈ లైసెన్సులిచ్చే సెక్షన్ 84 పేటెంట్ చట్టంలో ఉంది, వాడే ధైర్యమే లేదు.

పేటెంట్ లేకపోతే పరిశోధన ఆగిపోతుందని కంపెనీలంటాయి. పరిశోధనకు ఖర్చవుతుంది, నిజమే. కానీ లైసెన్స్ అంటే లాక్కోవడం కాదు. నాట్కో అమ్మకాలపై బేయర్‌కు మొదట 6 శాతం, తర్వాత 7 శాతం రాయల్టీ వచ్చేలా ఆదేశించారు.

ఫార్మా రాజధాని అని హైదరాబాద్‌ను పొగిడే నాయకులు అదే చట్టంలోని సెక్షన్ 92 చదవాలి. లాభాపేక్ష లేని ప్రజా వినియోగానికైతే కేంద్రమే నోటిఫై చేసి లైసెన్సులకు దారి తీయొచ్చు. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే క్యాన్సర్ మందు అందులోకి రాదా? ఈ ప్రశ్న తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో అడగాలి. మందు పేరు, దాని నెల ఖర్చు కూడా చెప్పి మరీ అడగాలి.