రేవు పోయింది కోటలోనా, ఖజానాలోనా? హైదరాబాద్–బందరు చరిత్రలో కాకతాళీయాలు

ఫ్యూచర్ సిటీ నుంచి బందరు పోర్టుకు గ్రీన్‌ఫీల్డ్ రహదారి కావాలని తెలంగాణ ప్రభుత్వం అడుగుతోంది. దీన్ని కొత్త ఆలోచనగా చర్చిస్తున్నారు. గోల్కొండ వజ్రాలు, అద్దకపు బట్టలు మచిలీపట్నం చేరి పెగూ (బర్మా)కు, పర్షియాకు, మోఖా (యెమెన్)కు ఓడలెక్కిన కాలం నుంచీ ఈ అవసరం ఉంది. ఆ తర్వాత ఈ నగరానికీ ఆ రేవుకూ మధ్య జరిగినవన్నీ విధి వెక్కిరింతల్లా కనిపిస్తాయి. వాటిని కాకతాళీయాలని వదిలేయడం నాకు సమ్మతం కాదు. ఒక్కోదాని వెనుకా బందరు నేల తీరో, హైదరాబాద్ ఖజానా తీరో ఉంది.

ముందు నేల సంగతి. కృష్ణా ఒండ్రు వల్ల బందరు దగ్గర సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. పెద్ద ఓడలు మైళ్ల దూరంలోనే లంగరు వేసేవి. సరుకును చిన్న పడవల్లోకి దించి ఒడ్డుకు తేవాలి. అంటే ప్రతి బేలునూ రెండుసార్లు ఎత్తాలి, దించాలి. బట్ట తడిస్తే ధర పడిపోతుంది. కోట చుట్టూ బురద. ఆ బురదే తమకు కాపలా అని అప్పట్లో కోటను ఏలుతున్న ఫ్రెంచివారు నమ్మారు.

1759 ఏప్రిల్‌లో ఆ కోటను ముట్టడిస్తున్న ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డ్ దగ్గర రెండు రోజులకు సరిపడా మందుగుండే మిగిలింది. ఫ్రెంచివారికి అండగా హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ సైన్యంతో వస్తున్నాడు. ఆగితే ఓటమే కాబట్టి ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ దాడికి దిగాడు; ఒక దళాన్ని ఆ బురద మీదుగానే పంపాడు. తెల్లారేసరికి కోట లొంగింది. లొంగినవారి సంఖ్య పట్టుకున్నవారి కంటే ఎక్కువ. ఫ్రెంచి అదనపు బలగాలతో ఓడలు వచ్చింది ఆ తర్వాత కొద్ది రోజులకే! ఫ్రెంచివారిని ఆదుకోవడానికి బయలుదేరిన సలాబత్ జంగ్ మే నెలలో బందరును ఇంగ్లిషువారికే రాసిచ్చాడు.

అసలు నష్టం మాత్రం కాగితాల మీద జరిగింది. 1766లో సలాబత్ జంగ్ తర్వాత గద్దెనెక్కిన నిజాం అలీఖాన్ ఏటా వచ్చే సొమ్ముకు ఒప్పుకొని ఉత్తర సర్కారులను (కోస్తా జిల్లాలను) ఈస్టిండియా కంపెనీకి వదిలాడు. 1823లో ఆ ఏటేటా ఏడు లక్షలను ఒకే మొత్తంగా లెక్కగట్టి, దాంతో హైదరాబాద్‌లోనే కూర్చుని రాజ్యానికి అధిక వడ్డీకి అప్పులిచ్చిన పామర్ కంపెనీ బాకీ తీర్చారు. తీరం మీద మిగిలిన చివరి హక్కు రెసిడెన్సీ (హైదరాబాద్‌లోని బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) అండతో ఎదిగిన వడ్డీ వ్యాపారానికి పోయింది. కోట పతనం కంటే ఇదే పెద్ద దెబ్బ అని నేనంటాను. 1947–48 నాటికి సొంత రేవు లేని నిజాం ప్రభుత్వం గోవా రేవు కోసం పోర్చుగీసువారిని కదిపి చూసింది. ఆయుధాలేమో ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ విమానాల్లో దొంగచాటుగా దిగాయి.

ఓడలను దూరం పెట్టిన ఆ లోతులేని సముద్రమే ఉప్పెనను పెంచుతుంది: గాలి నెట్టిన నీటికి కిందికి పోయే దారి లేక ఒడ్డు మీదికి ఎగబాకుతుంది. 1864 నవంబర్ 1న బందరులో దాదాపు 30,000 మంది అలాగే పోయారు. ఇప్పుడు ఆ తీరానికి ఉప్పెన అంచనా వెళ్లేది తీరానికి వందల కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి. తుపాను దారిని, గాలి వేగాన్ని, కేంద్ర పీడనాన్ని వాతావరణ శాఖ ఇస్తే, సముద్రపు అడుగు లోతులతో కలిపి నీరు ఎంత ఎత్తున, ఎంత లోపలికి వస్తుందో ఇక్కడ లెక్కిస్తారు. తేడా వచ్చేది ఎక్కువగా తీరం దాటే చోటు దగ్గర. తుపాను దారికి కుడివైపు గాలి నీటిని ఒడ్డుకు తోస్తుంది, ఎడమవైపు సముద్రంలోకి లాగుతుంది. అందుకే అంచనా కొద్ది కిలోమీటర్లు తప్పినా మునిగే ఊళ్లు మారిపోతాయి. అదే వేళకు పోటు కూడా ఉంటే నీటి మట్టం ఇంకా పెరుగుతుంది.

కొత్త పోర్టుకూ ఈ లోతు సమస్య తప్పదు. అలల అడ్డుగోడలు కట్టి, కాలువ తవ్వి ఓడలను లోపలికి తెచ్చినా ఒండ్రు మళ్లీ చేరుతుంది. డ్రెడ్జింగ్ (పూడిక తీత) ఆగితే కాలువ పూడుతుంది, పెద్ద ఓడలు సగం బరువుతోనే రావాలి. ఆ ఖర్చు చివరికి హైదరాబాద్ ఎగుమతిదారు కట్టే కంటెయినర్ ఛార్జీలోకే వస్తుంది. కాబట్టి రహదారి ఎన్ని వరుసలన్న చర్చకంటే ముందు, కాలువకు ఎంత లోతు హామీ ఇస్తారో, పూడిక తీసే ఖర్చు ఎవరిదో తెలంగాణ రాతపూర్వకంగా తేల్చుకోవాలి.