శామ్ గారికి ఓ విగ్రహం కావాలి

కంప్యూటర్ భద్రత గురించి మాట్లాడినవాళ్లందరికీ ఎక్కడో ఒకచోట శాలువా దొరికింది. శామ్ గారికి మాత్రం ఒక పూలదండైనా పడలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఊరూపేరూ తెలియని పిల్లలు రోజూ వచ్చి దోచుకుపోతుంటే, ఒక్కసారైనా కేసు పెట్టని పుణ్యాత్ముడాయన. నిజానికి ఆయన మనిషి కాదు, హ్యాకింగ్ నేర్పే ఒక వెబ్‌సైట్‌లోని కల్పిత పాత్ర. విగ్రహం పెట్టడానికి అదేం పెద్ద అడ్డంకి కాదనుకుంటాను.

2003లో అమెరికాలో జెరెమీ హామండ్ అనే కుర్రాడు మొదలుపెట్టిన ఆ వెబ్‌సైట్ పేరు ‘హ్యాక్ దిస్ సైట్’. పేరులోనే ఆహ్వానం ఉంది: రండి బాబూ, దోచుకోండి. డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సభల్లో 1996 నుంచే హ్యాకింగ్ పోటీలు జరుగుతున్నా, వాటి కోసం లాస్ వేగస్ దాకా వెళ్లాలి. ఇంట్లో కూర్చుని చెయ్యి తిప్పుకోవాలనుకునే కుర్రాడికి పరాయివాళ్ల కంప్యూటర్లు కనబడతాయి, వాటి వెనకాలే పోలీసులూ కనబడతారు. ఇక్కడ ఆ టెన్షన్ లేదు. యజమాని అనుమతితో, మెట్టు తర్వాత మెట్టుగా, మర్యాదగా కన్నం వేసుకోవచ్చు.

మొదటి మెట్టుకు ‘ఇడియట్ టెస్ట్’ అని పేరు. పేజీ సోర్స్, అంటే పేజీ వెనకున్న కోడ్, తెరిస్తే పాస్‌వర్డ్ అక్కడే రాసి ఉంటుంది. ఆ తప్పు శామ్ గారి ఖాతాలో వేయకండి, ఆయన డ్యూటీ ఎక్కేది రెండో మెట్టులో.

ఆయన ఉద్యోగం నెట్‌వర్క్ సెక్యూరిటీ. పద్ధతిగా ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాశారు. మనం కొట్టిన పాస్‌వర్డును ఒక ఫైల్లో దాచిన అసలు పాస్‌వర్డుతో అది సరిచూస్తుంది. అంతా బాగానే ఉంది కానీ ఆ ఫైలును అప్‌లోడ్ చేయడం మర్చిపోయారు. లేని ఫైల్లోంచి ఏం వస్తుంది? ఖాళీ వస్తుంది. మనమూ పెట్టె ఖాళీగా వదిలేసి ఎంటర్ కొడితే ఖాళీకి ఖాళీ సరిపోయి తలుపు తెరుచుకుంటుంది. తెలివైనవాళ్లే ఇక్కడ ఎక్కువసేపు కొట్టుకుంటారు. ఏమీ చెయ్యకపోవడం కూడా ఒక ప్రయత్నమేనని వాళ్లకు తట్టదు మరి.

నాలుగో మెట్టుకొచ్చేసరికి శామ్ గారు జాగ్రత్తపడ్డారు. పొడవాటి, కష్టమైన పాస్‌వర్డ్ పెట్టుకున్నారు. అది ఆయనకే గుర్తుండదు. అందుకని ఒక బటన్ పెట్టారు, నొక్కితే పాస్‌వర్డ్ ఆయన ఈమెయిల్‌కు వెళ్తుంది. ఆ ఈమెయిల్ చిరునామా పేజీలోనే దాగి ఉంటుంది. దాన్ని చెరిపి మనది రాసి బటన్ నొక్కితే ఉత్తరం మన గుమ్మంలోకొస్తుంది. ఇలా జరుగుతోందని తెలిశాక ఐదో మెట్టులో ఆయన పాస్‌వర్డ్ బట్టీ పట్టలేదు, ఆ బటన్‌కే కాస్త కాపలా పెంచారు. ఇలాంటి మనిషిని ఎప్పుడూ చూడలేదని ఏ ఆఫీసువాడైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలడా?

ఆరో మెట్టులో ఏకంగా గుప్తలిపి వాడారు. అందులో ‘ఎ’ అనే ఇంగ్లిష్ అక్షరాన్ని వరసగా నాలుగుసార్లు కొడితే ‘ఎబిసిడి’ అని వస్తుంది. ఆ గుప్తలిపి గురించి అంతకన్నా చెప్పుకోడానికేమీ లేదు.

ఇక బడి పెట్టిన హామండ్ సంగతి. పిల్లలకు చూపించిన గీత ఆయనే దాటాడు. ఒక రాజకీయ బృందం సర్వర్‌లోకి చొరబడి 2006లో రెండేళ్ల శిక్ష వేయించుకున్నాడు. 2011లో స్ట్రాట్‌ఫర్ అనే ప్రైవేటు నిఘా సంస్థ మీద పడ్డాడు, 2013లో పదేళ్లు పడ్డాయి. వెంట ఉండి గురి చూపించిన నేస్తం ఎఫ్‌బీఐ మనిషని తర్వాత తేలింది. అలాంటి నేస్తాన్ని పసిగట్టడం ఏ మెట్టులోనూ నేర్పలేదు.

2012లో షికాగోలోని ఇంటికి పోలీసులు వచ్చినప్పుడు హామండ్ గబుక్కున ల్యాప్‌టాప్ మూత మూసేశాడట. మూస్తే లోపలున్నదంతా గుప్తలిపిలో భద్రం. దాన్ని తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి. అది చాలా బలహీనమైనదని జైల్లోంచి 2014లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థకు తనే చెప్పుకున్నాడు: ‘చ్యూయీ 123’. చ్యూయీ అంటే ఆయన పెంపుడు పిల్లి.

శామ్ గారిది ఎంతైనా పొడవాటి పాస్‌వర్డ్.