ధర సరే, ధీమా ఏదీ?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో మార్చి వచ్చిందంటే మైదానంలో ఆట ఉండదు, బయట బేరాలు మాత్రం జోరుగా సాగుతాయి. ఒప్పందం ముగిసిన ఆటగాళ్లు ఫ్రీ ఏజెంట్లవుతారు, నచ్చిన జట్టుకు పోవచ్చు. ఆ సంతలో అన్నిటికన్నా ఖరీదైన సరుకు క్వార్టర్‌బ్యాక్. జట్టు దాడి మొత్తం అతడి చేతి మీదుగానే నడుస్తుంది. అతడు సరిగ్గా లేకపోతే మిగతా పది మంది ఎంత గొప్పవాళ్లయినా స్కోరు కదలదు. అందుకే యజమానులు ధర దగ్గర వెనకాడరు. వెనకాడాలా, వద్దా అని తేల్చుకోవాలంటే అట్లాంటా ఫాల్కన్స్ జట్టు 2024 మార్చిలో చేసిన పనిని కాస్త దగ్గరగా చూడాలి.

ఆ నెలలో ఫాల్కన్స్ కర్క్ కజిన్స్‌తో నాలుగేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. విలువ 18 కోట్ల డాలర్లు, అప్పటి మారకంలో దాదాపు 1,500 కోట్ల రూపాయలు. అందులో 10 కోట్ల డాలర్లకు గ్యారంటీ, అంటే మధ్యలో వద్దనుకున్నా ఇచ్చి తీరాల్సిన సొమ్ము. అంతకు ఐదు నెలల ముందే, 2023 అక్టోబరులో, మిన్నెసోటా వైకింగ్స్ తరఫున ఆడుతూ కజిన్స్ మడమ వెనక అకిలిస్ స్నాయువు తెంచుకున్నాడు. ఆగస్టు వస్తే 36 ఏళ్లు నిండుతాయి. ఆరు సీజన్లు దగ్గరుండి చూసిన వైకింగ్స్ అతడి కోసం అంత దూరం వెళ్లలేదు. పాలిచ్చే గేదెను సంతకు తోలుకొచ్చినవాణ్ని, ఎందుకు అమ్ముతున్నావని అడగకుండా మన ఊళ్లలో ఎవరూ బేరం మొదలుపెట్టరు. ఫాల్కన్స్ అడిగిందో లేదో గానీ, జవాబు కోసం ఆగినట్టు మాత్రం కనిపించలేదు. పైగా గడువుకు ముందే ఆటగాళ్లతో మంతనాలు జరిపిందని లీగ్ ఆ జట్టుకు రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది, కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్ హక్కునూ లాగేసుకుంది. అంత తొందర!

ఏడాదికి నాలుగున్నర కోట్ల డాలర్లు ఎక్కువా? మా దృష్టిలో అసలు తప్పు అక్కడ లేదు. ఆ ఏడాది ఒక్కో జట్టు జీతాల పరిమితి 25.54 కోట్ల డాలర్లు. అందులో ఇది ఆరో వంతు కన్నా కొంచెం ఎక్కువ. అదే ఏడాది మన సన్‌రైజర్స్ హైదరాబాద్ 100 కోట్ల రూపాయల పరిమితిలో 20.50 కోట్లు ఒక్క ప్యాట్ కమిన్స్‌కే పెట్టింది. అంటే ఐదో వంతు. పిచ్చి అన్నవాళ్లున్నారు. ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. ఒక్కడి మీద పెద్ద మొత్తం పెట్టడం దానంతటదే నేరం కాదు.

మెలిక గ్యారంటీలో ఉంది. కజిన్స్‌కు సంతకం బోనస్ కిందే 5 కోట్ల డాలర్లు ముట్టాయి. జీతంతో కలిపి మొదటి ఏడాది చేతికి అందింది 6.25 కోట్లు. లీగ్ లెక్కల పుస్తకంలో మాత్రం ఆ ఏడాదికి కనిపించింది 2.5 కోట్లే, ఎందుకంటే బోనస్‌ను ఒప్పందం ఉన్న ఏళ్ల మీద సమానంగా పంచి రాసుకోవచ్చు. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ ఆటగాణ్ని మధ్యలో వదిలేస్తే ఇంకా రాయని భాగమంతా పరిమితి మీద వచ్చి పడుతుంది. మనిషి పోతాడు, అప్పు ఉంటుంది. డెన్వర్ బ్రాంకోస్ 2024లో రస్సెల్ విల్సన్‌ను వదిలించుకుని 8.5 కోట్ల డాలర్ల భారం నెత్తినేసుకున్నది ఇలాగే. అందుకే నాలుగేళ్ల మొత్తం కన్నా, మొదటి రెండేళ్లలో తప్పించుకోలేని సొమ్మెంత అన్నదే చూడాలి. కజిన్స్ విషయంలో అది 9 కోట్లు. రెండో ఏడాది మార్చి దాకా జట్టులో ఉంచుకున్నందుకు మరో కోటి కలిసి 10 కోట్లయింది.

అంత పెట్టినవాళ్లు తాము కొన్న మనిషిని నమ్మాలి కదా. ఆరు వారాలు తిరిగేసరికి, ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో ఎనిమిదో ఎంపికతో ఫాల్కన్స్ మైకేల్ పెనిక్స్ జూనియర్‌ను తీసుకుంది. అతడూ క్వార్టర్‌బ్యాకే. కజిన్స్‌కు ఆ కబురు చేరింది ఎంపికకు కొద్ది నిమిషాల ముందు. రెండు పడవల మీద కాళ్లు పెట్టడమంటే ఇదే. కజిన్స్ మీద నమ్మకం ఉంటే ఆ ఎంపిక వృథా, లేకపోతే ఆ 10 కోట్లు వృథా. అంతకన్నా మాకు మింగుడుపడనిది మరొకటుంది. ఆ డ్రాఫ్ట్‌లో మొదటి పద్నాలుగు ఎంపికలూ దాడి ఆటగాళ్లే. అంటే ఫాల్కన్స్ వంతు వచ్చేసరికి దేశంలోని డిఫెన్స్ కుర్రాళ్లందరూ ఇంకా బల్ల మీదే ఉన్నారు. ఎవరిని కావాలంటే వాళ్లను తీసుకోవచ్చు. ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టగలవాడు లేక ఏళ్లుగా ఇబ్బంది పడుతున్న జట్టది. ఆ సీజన్‌లోనూ ఆ లెక్కలో అట్టడుగు జట్ల సరసనే మిగిలింది. పంతొమ్మిదో ఎంపికగా ర్యామ్స్‌కు వెళ్లిన జారెడ్ వెర్స్ ఆ ఏడాది డిఫెన్స్‌లో మేటి కొత్త ఆటగాడయ్యాడు.

ఇక ఆట సంగతి. అక్టోబరు 3 రాత్రి టాంపా బే మీద కజిన్స్ 509 గజాలు విసిరి ఓవర్‌టైమ్‌లో 36-30తో గెలిపించాడు. ఆ రాత్రి అట్లాంటాలో ఈ ఒప్పందాన్ని తప్పుబట్టే నోరు లేదు. నవంబరులో న్యూ ఓర్లీన్స్‌లో భుజానికి, మోచేతికి దెబ్బ తగిలాక బంతిలో పస తగ్గింది. ఐదు మ్యాచ్‌లలో స్కోరు తెచ్చే టచ్‌డౌన్ పాసు ఒక్కటే, ప్రత్యర్థి చేజిక్కించుకున్న పాసులు, అంటే ఇంటర్‌సెప్షన్లు, తొమ్మిది. డిసెంబరు 8న పాత గూడు, వైకింగ్స్ ఊరు మినియాపొలిస్‌కే వచ్చి ఆడాడు. పాత అభిమానులు గోల చేశారు. అవతల అతడి స్థానంలో ఏడాదికి కోటి డాలర్లకే దొరికిన శామ్ డార్నల్డ్ ఐదు టచ్‌డౌన్ పాసులు వేశాడు. కజిన్స్ ఒక్కటీ వేయలేదు, రెండుసార్లు బంతి ప్రత్యర్థికి అప్పగించాడు. స్కోరు 42-21. నాలుగున్నర కోట్లు, ఒక కోటి ఒకే మైదానంలో ఎదురెదురుగా నిలబడితే ఎలా ఉంటుందో ఆ మధ్యాహ్నం అందరూ చూశారు. మరో వారానికి లాస్ వెగాస్‌లో 15-9తో గెలిచిన మర్నాడే కజిన్స్‌ను బెంచీ ఎక్కించారు. ఓడినందుకు కాదు, గెలిచినా చూడలేక. సీజన్ ఎనిమిది గెలుపులు, తొమ్మిది ఓటములతో, 8-9తో ముగిసింది. ప్లేఆఫ్స్ లేవు.

ఫ్రీ ఏజెంట్ క్వార్టర్‌బ్యాక్‌లంతా దండగే అని మేమనడం లేదు. 2006లో కుట్లేసిన భుజంతో వచ్చిన డ్రూ బ్రీస్‌ను మయామీ వైద్యుల మాట విని వద్దనుకుంది, న్యూ ఓర్లీన్స్ తీసుకుని లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. మెడకు ఆపరేషన్లయిన పేటన్ మ్యానింగ్ 2012లో డెన్వర్‌కు వెళ్లాడు. 43 ఏళ్లు నిండబోతున్న టామ్ బ్రేడీని 2020లో టాంపా బే రెండేళ్లకు 5 కోట్లకు తెచ్చుకుని తొలి ఏడాదే కప్పు కొట్టింది. అయితే వీళ్లు అడుగుపెట్టిన ఇళ్లు ఎలాంటివి? బ్రేడీ వచ్చేసరికి టాంపాలో క్యాచ్‌లు పట్టేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. డెన్వర్ కప్పు గెలిచిన 2015 సీజన్‌లో మ్యానింగ్ వేసిన టచ్‌డౌన్లు 9, ఇంటర్‌సెప్షన్లు 17. ఆ కప్పు డిఫెన్స్ గెలిచింది. డార్నల్డ్‌ను కూడా వైకింగ్స్ వదులుకుంటే సియాటిల్ మూడేళ్లకు 10.05 కోట్లకు పట్టుకుపోయి 2026 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఎత్తింది. అక్కడా ప్రత్యర్థిని కట్టిపడేసింది డిఫెన్సే. వదులుకున్న జట్టే ఎప్పుడూ తెలివైనదని అనుకోవడమూ పొరపాటేనని డార్నల్డ్ కథ చెబుతోంది, ఒప్పుకోవాలి.

ఖాళీ ఇంట్లోకి తెచ్చిన ఖరీదైనవాళ్ల కథ వేరు. కేవలం ఏడు మ్యాచ్‌లు మొదలుపెట్టిన అనుభవంతో బ్రాక్ ఆస్‌వైలర్‌కు 2016లో హ్యూస్టన్ నాలుగేళ్లకు 7.2 కోట్లు రాసిచ్చింది. ఏడాది తిరిగాక అతణ్ని క్లీవ్‌లాండ్‌కు అంటగట్టడానికి ఎదురు రెండో రౌండ్ హక్కు ఇచ్చుకుంది. 2019లో జాక్సన్‌విల్ 8.8 కోట్ల నిక్ ఫోల్స్ మొదటి మ్యాచ్‌లోనే కాలర్ బోన్ విరగ్గొట్టుకుంటే, ఆరో రౌండ్ కుర్రాడు ఆ చోటు పట్టేశాడు.

కజిన్స్‌ను మేము నిందించం. ఇస్తామన్నారు, తీసుకున్నాడు. దెబ్బ దాచుకుని ఆడాడు, బెంచీ మీద కూర్చోబెట్టినా రచ్చ చేయలేదు. 2025 నవంబరులో పెనిక్స్ మోకాలు దెబ్బతింటే మళ్లీ బరిలోకి దిగి చివరి నాలుగు మ్యాచ్‌లూ గెలిపించాడు. అప్పటికే ఆలస్యమైంది, మళ్లీ 8-9. అట్లాంటా శివార్లలోని అల్ఫారెట్టా, కమ్మింగ్ వైపు పెరుగుతున్న మన పిల్లల్లో ఫాల్కన్స్ జెర్సీ వేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. 2017 సీజన్ తర్వాత తమ జట్టు ప్లేఆఫ్ ఆడగా వాళ్లు చూడలేదు.

అందుకని మా మాట ఇది. 35 దాటిన, గాయం నుంచి కోలుకుంటున్న క్వార్టర్‌బ్యాక్‌కు ఏడాదికి ఎంతిచ్చినా ఇవ్వండి, గ్యారంటీ మాత్రం మొదటి ఏడాది దాటనివ్వొద్దు. అందుకు ఒప్పుకోడంటే పోనివ్వండి. ఫాల్కన్స్ అలా చేసి, ఎనిమిదో ఎంపికతో డిఫెన్స్ కుర్రాణ్ని తెచ్చుకుని ఉంటే ఓడినా అప్పు మిగిలేది కాదు. మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టే పాస్ రషర్ జేమ్స్ పియర్స్ జూనియర్ కోసం ఆ జట్టు తన 2026 తొలి రౌండ్ హక్కును ర్యామ్స్‌కు ధారపోసింది. 2024లో వరసగా నిలబడి ఉన్నా కాదనుకున్న సరుకది. ఆ హక్కు ఖరీదును కూడా కజిన్స్ ఒప్పందం కిందే రాయాలి. కాకపోతే అతడి పేరున కాదు, సంతకం పెట్టించినవాళ్ల పేరున.